ఐస్ పెట్టెకు జరిగిన మర్యాద

1976లో నేను ఒమాన్ ఉత్తరపు కొసన, ముసందంలోని ఒక చిన్న ఆసుపత్రిలో నర్సును. మాది నరసాపురం దగ్గర కాబట్టి నీళ్ళంటే నాకు భయం లేదనుకునేదాన్ని. అక్కడి ఖోర్లు చూశాక ఆ ధీమా తగ్గింది. ఖోర్ అంటే కొండల మధ్యకు మెలికలు తిరుగుతూ చొరబడిన సముద్రం. రెండు వైపులా బోడి రాతిగోడలు నిటారుగా నీళ్ళలోకి దిగుతాయి. ఊళ్ళకు దారి ఉండదు. తాగే నీళ్ళు కూడా పడవలోనే రావాలి.

అలాంటి ఒక ఊరికి తట్టు టీకాలు వేయడానికి వెళ్ళాం. పక్క ఖోర్‌లో అప్పటికే పిల్లలకు తట్టు పోసింది. ఎండలు ముదిరితే ఈ ఊరంతా ఖర్జూరాల కోతకు ఖసబ్ పట్నం తరలిపోతుంది, జబ్బూ వెంట వెళ్తుంది. కిందటిసారి తల్లులు పిల్లల్ని దాచేశారు. ఈసారీ దాచేస్తే ఎవరి బిడ్డ పోతుందోనని నాకు గుబులుగా ఉంది. పైగా మా మందు చల్లగా ఉండాలి. ఫ్రిజ్ నుంచి బిడ్డ చేతిదాకా ఆ చల్లదనం తెగకూడదు. దాన్నే మేం కోల్డ్ చైన్ అంటాం.

ఐస్ పెట్టె మోసేది మా హెల్పర్ రాజన్న, కరీంనగర్ వైపు మనిషి. ఊరి పెద్ద హమూద్ తాత మమ్మల్ని చాప మీద కూర్చోబెట్టాడు. కుర్రతనంలో బొంబాయి దాకా ఓడల్లో తిరిగినవాడు, ఉర్దూ దంచేస్తాడు. ఖావా, అంటే వాళ్ళ కాఫీ, తాగి, తమ ఖోర్ చరిత్ర వినందే పని మొదలు కాదన్నాడు. పెట్టెను వాళ్ళావిడ నీడపట్టున ఉంచుతానని లోపలికి తీసుకెళ్ళింది.

కొండలు ఎలా పుట్టాయో చెప్పాడు. మునుపు తెల్లవాళ్ళు చిట్టి దీవి మీద టెలిగ్రాఫ్ తీగ పెట్టుకుని, ఆ వేడికి మతి చలించి వెళ్ళిపోయారని చెప్పాడు. నా ఉర్దూ అంతంతమాత్రం. రాజన్నకైతే ఉర్దూతో పాటు అరబ్బీ కూడా వచ్చు.

"ఎందాకా వచ్చింది రాజన్నా?" అని గుసగుసగా అడిగాను.

"ఇంక వాళ్ల తాత పెండ్లికాడనే ఉన్నడు సిస్టర్. మనదాంక వచ్చేసరికి పొద్దుగూకుతది."

అంతలో ఆవిడ నిమ్మ షర్బత్ తెచ్చింది. గ్లాసులకు చెమట పట్టి ఉంది. మొదటి గుక్కకు ప్రాణం లేచివచ్చింది. రెండో గుక్కకు గుండె గుభేలుమంది. ఫ్రిజ్ లేని ఊళ్ళో ఐస్ ఎక్కడిది?

పరుగెత్తి పెట్టె తెరిచాను. మందు సీసాల చుట్టూ గుప్పెడు ముక్కలు మిగిలాయి. వాకిట్లో ఊరి ఆడవాళ్ళంతా ఐస్ చప్పరిస్తున్నారు. నాకు కోపమూ, ఏడుపూ కలిసి వచ్చాయి.

"అది మందు కోసం తెచ్చిన ఐస్. కాసేపుంటే మందు పాడవుతుంది. చెప్పు ఆయనకి" అన్నాను రాజన్నతో.

విన్న తాత ముఖం వాడిపోయింది. "కానుక అనుకున్నది మా ఆడది. అతిథి నీళ్ళు మేమే తాగేశామా?" అన్నాడు.

నీళ్ళు పడవలో తెచ్చుకునే ఊళ్ళో ఒకరి నీళ్ళు అడక్కుండా తాగడం ఎంత తప్పో నాకు అప్పుడే తెలిసింది. ఆయన వాకిట్లోకి వెళ్ళి అరబ్బీలో నాలుగు మాటలన్నాడు. ఆడవాళ్ళు తలలు దించుకుని ఇళ్ళకు నడిచారు.

"ఏమన్నాడు?"

"సిస్టర్ నీళ్లు తాగినోళ్లందరు పిల్లల్ని తేవాలె అన్నడు. తాగనోళ్లు ఎవ్వలు లేరు సిస్టర్."

ముక్కలు కరిగేలోగా సీసాలన్నీ అయిపోయాయి. అందరికంటే గట్టిగా ఏడ్చింది తాత మనవడే. వాడి బుగ్గలో ఇంకా ఐస్ ఉంది.

శిక్షణలో కోల్డ్ చైన్ గురించి ఎంతో చెప్పారు గానీ ఖావా గురించి ఎవరూ చెప్పలేదు. ఆ తర్వాత ఖోర్లకు ఎప్పుడు వెళ్ళినా రెండు పెట్టెలు మోయించాను, ఒకటి మందుకు, ఒకటి మర్యాదకు. రాజన్న దారంతా సణిగేవాడు. మరుసటి ఏడు మా పడవ కనబడగానే ఆ ఊరి పిల్లలు చొక్కా చేతులు పైకి మడిచి ఒడ్డున నిలబడ్డారు, తలా ఒక ఖాళీ గ్లాసు పట్టుకుని. హమూద్ తాత అప్పటికే చాప పరిచి కూర్చున్నాడు. వాళ్ళ తాత పెళ్ళి ఇంకా కాలేదు.