ఊదారంగు చుక్కల లెక్క

అనంతపురంలో నేను పీహెచ్‌డీ చేస్తున్న ల్యాబులో ఆమె నాకంటే రెండేళ్లు ఆలస్యంగా చేరింది. బెళుగుప్ప పక్క ఊళ్లో శనక్కాయలు పండించే వాళ్లింటి పిల్ల. ఇద్దరి పనీ కాలేయ క్యాన్సర్ కణాల మీదే. జన్యువును మార్చకుండానే, దాని చుట్టూ చిన్న రసాయన గుర్తులు పెట్టి దాన్ని పనిచేయనివ్వని ఎంజైములు కొన్ని ఉంటాయి. అందులో నాదొకటి, ఆమెదొకటి. నా ఎంజైమును మందుతో అడ్డుకుని మూడేళ్లు చూశాను. కణాలు ఎప్పటిలాగే పెరిగాయి. ఆమె ఎంజైమును అడ్డుకుంటే మొదటి ఏడాదిలోనే కణాల పెరుగుదల తగ్గింది. ఆ మాట విన్న రోజు నాకు అన్నం సహించలేదు.

ఒకసారి ఆమె వాళ్ల నాయనతో ఫోన్లో మాట్లాడుతోంది.

"పెరగొద్దని చెప్పే జీన్లు మన ఒంట్లోనే ఉండాయి నాయనా. ఈ ఎంజైము వాటి నోరు మూసేస్తాంది. దీన్ని ఆపితే అవి మళ్లా పలుకుతాండాయి. మందుగా ఇయ్యల్లంటే ఇంకా శానా దూరముండాదిలే."

మా ఇంట్లో నేనెన్నడూ ఇంత తేలిగ్గా చెప్పలేకపోయాను. దానికీ కుళ్లుకున్నాను.

ఆమె ఫలితం నమ్మాలంటే, ఏ డిష్‌లో మందు వేశారో తెలియని మనిషే లెక్కపెట్టాలని మా గైడ్ మేడం ఆ పని నాకు అప్పగించింది. కణాలు పెంచిన పన్నెండు డిష్‌లు, వాటి మీద ఒట్టి నంబర్లు. రంగు వేశాక కణాల గుంపులు ఊదా చుక్కల్లా కనిపిస్తాయి.

"నీకేం ఇబ్బంది లేదు కదక్కా?" అని ఆమె అడిగింది.

"ఏముండాది, లెక్కే కదా," అన్నాను.

అన్నీ సమానంగా రావాలని కోరుకుంటూనే లెక్కపెట్టాను. కొన్ని డిష్‌లలో చుక్కలు పలచగా ఉన్నాయి. మందు పడినవి అవేనని తెలిసిపోతూనే ఉంది. యాభై కణాలు లేని చుక్క లెక్కలోకి రాదు. పలచటి డిష్‌ల లెక్కలో అలాంటి సన్న చుక్కలు కొన్ని కలిపేస్తే తేడా తగ్గిపోయేది. పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. కలపలేదు. అది నిజాయితీయో, దొరికిపోతానన్న భయమో ఇప్పటికీ చెప్పలేను.

ఏ నంబరు డిష్‌లో మందు వేశారో రాసిన కాగితం మేడం విప్పింది. పలచగా ఉన్నవన్నీ మందు వేసినవే.

"నువ్వు లెక్కపెట్టినావు కాబట్టి నాకు ధైర్యమొచ్చినాదక్కా," అంటూ ఆమె నా చేతులు పట్టుకుంది. చేతులు కడుక్కోవాలని చెప్పి విడిపించుకున్నాను.

నా ఎంజైముకు ఆ కణాల పెరుగుదలలో పాత్ర కనబడలేదని థీసిస్‌లో ఉన్నదున్నట్టు రాశాను. పట్టా వచ్చింది. ఆమె పేపరు అచ్చయింది. చివర్లో నాకు కృతజ్ఞతలు చెప్పింది. ఆ వాక్యాన్ని చాలాసార్లు చదివాను, సంతోషంతో మాత్రం కాదు.