సుబ్బరామరాజుగారి పెరుగు క్యారియర్

మా బాబాయి సుబ్బరామరాజుగారికి ఒక్కటే పిచ్చి: పెరుగు. పెరుగులోని బ్యాక్టీరియా మలేరియాను తరిమేస్తుందని ఎక్కడో చదివారట. శాస్త్రవేత్తలు ఎలుకల మీద ప్రయోగం చేసి చూశారట. ఇక ఆగుతారా? భీమవరం పక్కన తన రొయ్యల చెరువుల మీద పనిచేసేవాళ్ల ముప్పై ఇళ్లకీ పొద్దున్నే క్యారియర్ పట్టుకుని బయల్దేరేవారు.

ఆ క్రిములకి మర్యాద కూడానూ! ఓసారి క్యారియర్ ఒళ్లో పెట్టుకుని నా స్కూటర్ వెనకెక్కారు.

"బండి మెల్లగా పోనివ్వండమ్మా. లోపల వారు తోడుకుంటున్నారు."

"ఎవరండీ?"

"బ్యాక్టీరియా గారు."

నేను ఆరోగ్య కేంద్రంలో రక్తపరీక్షలు చేస్తాను. ఆయన పక్కన నడవాలంటే తల కొట్టేసినట్టుండేది. "బాబాయిగారూ, మలేరియా క్రిమి రక్తంలో ఉంటుంది. మీ పెరుగు పొట్టలోకి పోతుంది. వాళ్లిద్దరూ ఎక్కడ కలుస్తారండీ?"

"అంతా ఒకే ఒంట్లో ఉన్నారు కదండీ, కలవకపోతారా!"

ఈ వానాకాలం నాకు నిజంగానే భయం పట్టుకుంది. ఏజెన్సీ కొండల్లో పెళ్లికి వెళ్లొచ్చిన చెరువు పనివాళ్లు ముగ్గురికి మలేరియా తేలింది. వాళ్లతోపాటే పనిచేసే రత్తమ్మ, అదే బస్సులో వెళ్లొచ్చి కూడా, పరీక్షకి రానంది. "నాకేంటండీ, గుండ్రాయిలా ఉన్నాను!" అంది. జ్వరమని తెలిస్తే మేస్త్రి తన పనిలో ఇంకొకర్ని పెట్టేస్తాడని ఆవిడ దడ. పెరుగును నమ్ముకుని ప్రాణం మీదకి తెచ్చుకుంటుందేమోనని నా దడ. ఆ రాత్రి సరిగ్గా నిద్రపట్టలేదు.

మర్నాడు పొద్దున్నే బాబాయిగారి ఫోన్. "భానుశ్రీ గారూ, మలేరియా పరీక్ష కిట్టు పట్టుకుని రత్తమ్మ గారింటికి రండి. పరుగెత్తి రండి!"

వెళ్లేసరికి ఆవిడ దుప్పటి కప్పుకుని వణుకుతూనే "ఏం లేదండీ" అంటోంది. వేలు పొడిచి, రక్తం చుక్క వేసి కూర్చున్నాను. పావుగంట ఆగాలి. బాబాయిగారు గుమ్మంలో నిలబడి పొడి తువ్వాలు పిండేస్తున్నారు. రెండో గీత పడింది. మలేరియానే, అదీ ప్రమాదకరమైన రకం. ఆస్పత్రికి పరుగెత్తాం.

"ఇంకాస్త ఆలస్యమైతే కష్టమయ్యేది" అన్నారు డాక్టరుగారు.

"అసలు ఆవిడకి జ్వరమని మీకెలా తెలిసిందండీ?" అనడిగాను బాబాయిగారిని.

"పెరుగు వద్దన్నారండి."

"అయితే?"

"జ్వరముందా అంటే ఎవరు చెబుతారండీ? లేదనే అంటారు. కానీ జ్వరంలో పెరుగు మాత్రం మనవాళ్లు చచ్చినా ముట్టరు. అందుకే వద్దన్నవాళ్లని చూసుకుంటూ పోతున్నాను. ఆవిడ పని ఎక్కడికీ పోదని మేస్త్రికి చెప్పేశాను లెండి."

ఇన్నేళ్లూ ఆయన్ని వెర్రిబాగులాయన అనుకున్నందుకు సిగ్గేసింది. నవ్వూ వచ్చింది.

రత్తమ్మ లేచి తిరుగుతోంది. నేనూ ఇప్పుడు కిట్టు పట్టుకుని బాబాయిగారి వెంట తిరుగుతున్నాను. మొన్న మొదటి ఇంటి దగ్గరే ఆయన ఓ గిన్నెడు పెరుగు నా చేతికిచ్చారు.

"ముందు మీరు కానివ్వండి."

"వద్దండీ, కాస్త జలుబుగా ఉంది."

బాబాయిగారు నా చేతిలోని కిట్టు లాక్కున్నారు.

"ఏదీ, వేలు ఇలా ఇవ్వండి!"