ట్రాయ్‌లో పెట్టిన తద్దినం

మొన్న శనివారం శాన్ రామన్‌లో మా చెల్లెలి ఇంట్లో అమ్మ చిమ్మిలి చేద్దామని నల్ల నువ్వులు కడిగింది. రాళ్ళేమైనా ఉన్నాయేమో చూడమని గుప్పెడు తడి నువ్వులు నా అరచేతిలో పోసింది. ఆ వాసన తగలగానే నా చెయ్యి దానంతటదే బొటనవేలి వైపు వంగింది. నీళ్ళూ నువ్వులూ కలిసి నేలమీదికి జారిపోయాయి. ఎందుకు పారబోస్తున్నావని అమ్మ విసుక్కుంది. నేను సింకు దగ్గరికి వెళ్ళి సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కున్నాను. చేతిని అలా వంచడం నాకు నేర్పించింది వెంకట్రామయ్య గారు. ఆయన ఇప్పుడు జైల్లో ఉన్నారు. పంపించింది నేనే.

అప్పట్లో నేను దొంగపేరుతో ముఠాల్లో చేరి సాక్ష్యాలు సేకరించే ప్రభుత్వోద్యోగిని. మిషిగన్‌లోని ట్రాయ్‌లో వెంకట్రామయ్య గారికి మందుల గోడౌన్ ఉండేది. లారీల్లోంచి కొట్టేసినవి, గడువు తీరిపోయినవి అక్కడికి చేరి, కొత్త లేబుళ్ళతో మందుల షాపులకి వెళ్ళేవి. ముఠా అంటే ఏవేవో ఊహించుకుని వెళితే మొదటిరోజే పులిహోర పెట్టారు. కళ్ళజోళ్ళు, స్వెట్టర్లు, మధ్యాహ్నం కాసేపు కునుకు, అంతే. కాకపోతే గోడవారన ఒక షెల్ఫ్ మీద ఎవరిదో లంచ్ బాక్స్ ఉండేది. అది నాకు ముందు పనిచేసిన అతనిది. అతను పోలీసులతో మాట్లాడుతున్నాడని వీళ్ళకి అనుమానం వచ్చిందట. ఆ వారం తర్వాత అతను మళ్ళీ కనిపించలేదట. వెంకట్రామయ్య గారు ప్రతి శుక్రవారం ఆ బాక్స్‌ని స్వయంగా కడిగి, తుడిచి, మళ్ళీ అక్కడే పెట్టేవారు. ఎందుకని ఎవరూ అడిగేవారు కాదు. నేనూ అడగలేదు.

అటువంటి మనిషి, నాకు జ్వరం వస్తే మంచులో నడుచుకుంటూ వచ్చి చారన్నం తెచ్చారు. నేను తినేదాకా ఎదురుగా కూర్చుని, కంచంలో ఏమీ మిగల్లేదని చూసుకుని వెళ్ళారు. ఆయన్ని బాబాయ్ అనమన్నారు. మొదట్లో పనికోసం అన్నాను, ఎప్పుడు అలవాటైపోయిందో నాకే తెలియదు. ఒకరోజు ఇద్దరం కూర్చుని డబ్బాల మీది పాత లేబుళ్ళు హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేసి ఊడదీస్తున్నాం. అవి గుండెజబ్బు మాత్రలు. ఇవి వేసుకునేవాళ్ళ సంగతేమిటని అడిగాను. ఆయన తలెత్తలేదు. "వాళ్ళు మన కళ్ళముందు ఉండరు కదరా" అన్నారు, ఎంతో నెమ్మదిగా. ఆ మాట నా చొక్కాలోని మైకులో రికార్డయింది. కోర్టులో అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది కూడా ఆ మాటే.

ఇక నేను చేసిన తప్పు. మా ఆఫీసువాళ్ళు నా దొంగపేరుకి లైసెన్సు, పాత అద్దె కాగితాలు, చదువు సర్టిఫికెట్లు అన్నీ పకడ్బందీగా తయారుచేశారు. ఫోన్లు వస్తే ఇబ్బందని అమ్మ పోయినట్టు, నాన్నతో మాటల్లేనట్టు కథ అల్లింది మాత్రం నేనే. మా అధికారులు ఆ మాట రాసుకుని ఊరుకున్నారు. తెలుగువాళ్ళు ఊరుకుంటారా? అయ్యో అన్నాక బాబాయ్ అడిగిన మొదటి ప్రశ్న, ఏ తిథి అని. నోటికొచ్చిన తేదీ చెప్పాను. ఆయన గోడమీది క్యాలెండర్లు తిరగేసి తిథి తేల్చి, మూల చిన్న అక్షరాలతో రాసిపెట్టుకున్నారు. తద్దినం ఎవరు పెడుతున్నారని అడిగితే ఎవరూ లేరన్నాను. ఆయన ముఖం నిజంగా చిన్నబోయింది. మరుసటి ఫిబ్రవరిలో ఒక గురువారం తలస్నానం చేసి తమ ఇంటికి రమ్మన్నారు. వెళితే బేస్‌మెంట్‌లో పీటలు, దర్భలు, పంతులు గారు, మడికట్టుకుని వంట చేస్తున్న ఆయన భార్య. ముఠాలో వాళ్ళంతా గోడకానుకుని నిలబడి ఉన్నారు. కాదంటే ఎందుకు కాదంటున్నానో చెప్పాలి. నాకు లంచ్ బాక్స్ గుర్తొచ్చింది.

పంచె ఆయనే కట్టారు. దర్భ ఉంగరం వేలికి ఆయనే తొడిగారు. పంతులు గారు గోత్రం, అమ్మ పేరు చెప్పమన్నారు. దొంగపేరుకి అమ్మ పేరు ఎవరూ తయారుచేయలేదు. ఏదో ఒక పేరు అనేస్తే సరిపోయేది. కానీ పీట మీద కూర్చుని, చేతిలో నువ్వులు పట్టుకుని అమ్మ పేరు చెప్పమంటే నోటికి ఇంకో పేరు రాదు. మా అసలు గోత్రం, రాజ్యలక్ష్మి అన్న అసలు పేరు బయటికొచ్చేశాయి. మంత్రం మధ్యలో ఆ పేరు నాచేత మూడుసార్లు పలికించారు. బాబాయ్ నా మణికట్టు పట్టుకుని, నీళ్ళు బొటనవేలి పక్కనుంచి వదలాలని వంచి చూపించారు. తర్వాత పిండం బయట మంచు మీద పెట్టి వచ్చాం. అంత చలిలో కాకి ఎక్కడుంటుందిలే అనుకున్నాను. మేం వెనక్కి తిరిగేలోపే వచ్చి వాలింది. ముద్ద మొత్తం తినేదాకా అరవలేదు, ఎగరలేదు. బాబాయ్ కళ్ళు తుడుచుకున్నారు. "అమ్మ వచ్చిందిరా, ఎంత ఆకలి మీద ఉందో" అన్నారు. నేను రెండు చేతులూ చంకల్లో దాచుకున్నాను. ఆయన చలికనుకుని తన శాలువా నాకు కప్పారు.

ఆ ఆదివారం దొంగచాటుగా, కాలిఫోర్నియాలో చెల్లెలి దగ్గర ఉన్న అమ్మకి ఫోన్ చేశాను. అప్పటిదాకా నెలకోసారి చేసేవాణ్ణి, అదీ గుర్తుంటే. అమ్మ బాగానే ఉంది. కబుర్లన్నీ అయ్యాక మాత్రం, గురువారం పొద్దున పదింటికి మొక్కలకి నీళ్ళు పోస్తుంటే వెనకనుంచి ఎవరో పిలిచారంది. "ఇక్కడ అందరూ ఆంటీ అనేవాళ్ళేగా. నన్ను పేరుపెట్టి పిలిచేదెవరురా? మూడుసార్లు పిలిచారు" అంది. అక్కడ పది అంటే ట్రాయ్‌లో ఒంటిగంట, నాచేత ఆ పేరు పలికించిన సమయం. ఆ రోజునుంచి, రూల్స్‌కి విరుద్ధమని తెలిసీ, రోజూ ఫోన్ చేశాను. అమ్మ ఎప్పటికీ ఉంటుందిలే అనుకుని బతికే కొడుకుని నేను. ఉండకపోవడం అంటే ఏమిటో నాకు తెలియజెప్పింది వెంకట్రామయ్య గారే. అందుకు ఆయనంటే నాకు భయం, కోపం, దాచుకోవడం ఎందుకు, ప్రేమ కూడా.

వేసవిలో అందరినీ పట్టుకున్నాం. లంచ్ బాక్స్ అతని ఆచూకీ ఇప్పటికీ దొరకలేదు. నేను అసలు పేరుతో సాక్ష్యం చెప్పాను. శిక్ష పడ్డరోజు కోర్టు వరండాలో ఆయన్ని తీసుకెళ్తూ లిఫ్ట్ కోసం ఆగారు. నేను అక్కడే ఉన్నాను. ఆయన పక్కన నిలబడిన అధికారికి తెలుగు రాదు. బాబాయ్ నన్ను తిట్టలేదు. ఆ మాత్రల సంగతి ఎత్తలేదు.

"నీ పేరు అబద్ధం, ఊరు అబద్ధం. పోనీలే, అది నీ జాబ్. ఒక్కటి చెప్పు. అమ్మ పోయిన మాటైనా నిజమేనా? బతికున్న తల్లికి నేను పిండం పెట్టించలేదు కదా?"

తన మందులు వేసుకుని ఎవరు పోయారో ఏనాడూ పట్టించుకోని మనిషి, ఈ ఒక్కదానికి కాలిపోతున్నారు. నిజం చెబితే ఆయన మిగతా జీవితమంతా జైలు గదిలో దానితోనే గడపాలి. ఆ శిక్షకి ఆయన తగినవారే. నాకు చారన్నమే గుర్తొచ్చింది.

"నిజమే బాబాయ్. అమ్మ లేదు" అన్నాను.

ఆయన హమ్మయ్య అని కళ్ళు మూసుకున్నారు. లిఫ్ట్ వచ్చింది, తీసుకెళ్ళిపోయారు.

రెండేళ్ళపాటు నేను చెప్పిన అబద్ధాలన్నింటికీ పైవాళ్ళ అనుమతి ఉంది. దీనికి లేదు. మా అమ్మని రెండోసారి చంపమని నన్ను ఎవరూ అడగలేదు. అమ్మకి ఇవేవీ తెలియవు. నెలకోసారి ఆవిణ్ణి షుగర్ పరీక్షకి నేనే డ్రైవ్ చేసి తీసుకెళ్తాను. కౌంటర్ దగ్గర పేషెంట్ పేరు అడుగుతారు. నేను నోరు తెరవను, కార్డు ముందుకు తోస్తాను. అమ్మ నన్ను పక్కకి జరిపి, తన పేరు తనే చెబుతుంది, హాల్లో అందరూ తలతిప్పి చూసేంత గట్టిగా. కాస్త మెల్లగా చెప్పమ్మా అని నేను ఇంతవరకు ఒక్కసారి కూడా అనలేదు.