మా ఇంట్లో రెండు తెలుగులు

మా అమ్మాయికి ఆ యూనివర్సిటీలో సీటొచ్చే ఛాన్సు ఎంతుందో చెప్పించుకోడానికి గుర్గావ్ వెళ్ళాం. నవ్వకండి. ఢిల్లీలో ఇప్పుడు ఇదో పెద్ద వ్యాపారం. జాతకం చూసే పంతులుగారిలాగే వీళ్ళూ పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకుని, మార్కులూ, ఆటలూ పాటలూ, అభిరుచులూ అన్నీ ఆరా తీసి, ఇక్కడ రావచ్చు, ఇక్కడ కష్టం అని తేల్చి చెబుతారు. కౌన్సెలర్ అంటారు. మా ఆయన ఆఫీసులో ఎవరో చెప్పారని ఆయన ఒక్కరోజు సెలవు పెట్టారు. సరోజినీ నగర్ క్వార్టర్స్‌లోంచి ముగ్గురం పెళ్ళికి వెళ్తున్నట్టు తయారై మెట్రో ఎక్కాం.

ఊరి బయట, సోనీపత్ దాటాక ఎక్కడో ఉంది ఆ యూనివర్సిటీ. అక్కడ లింగ్విస్టిక్స్ చదువుతానంది. "అంటే ఏంటే?" అనడిగితే "భాషల గురించి, మాటల గురించి" అని హిందీలో చెప్పింది. "నా మొహం, మాటలు మాట్లాడుకుంటారు గానీ వాటిని చదవడమేంటి" అన్నాను. అన్నానే గానీ కాదనలేదు. అది చిన్నప్పట్నుంచీ ఏదీ అడగని పిల్ల. బజారుకి తీసుకెళ్తే బొమ్మ కోసం పేచీ పెట్టింది లేదు, పుట్టినరోజుకి ఏం కావాలంటే "కుఛ్ నహీ అమ్మా" అనేది. అలాంటిది మొదటిసారి నోరు తెరిచి ఇది కావాలంది. అందుకే నాకు ఆ సీటు ప్రాణమైపోయింది.

కౌన్సెలర్ నలభై దాటిన పంజాబీ ఆవిడ. మెత్తగా మాట్లాడుతుంది. కాలేజీలన్నిటినీ మూడు భాగాలు చేసింది. చెయ్యి చాచినా అందడం కష్టమైతే రీచ్ అట. మన తూకానికి సరిపోతే మ్యాచ్. ఎలాగూ వచ్చేది సేఫ్టీ. మా అమ్మాయి కోరుకున్నది రీచ్‌లో పడింది. "మార్కులకేం, బ్రహ్మాండంగా ఉన్నాయి. అక్కడికి అప్లై చేసేవాళ్ళందరికీ ఇలాగే ఉంటాయి. కానీ ఈ కాగితాలన్నీ చదివాక ఈ అమ్మాయి ఎవరో నాకు తెలియట్లేదు" అంది.

నాకు ఒళ్ళు మండింది. పదిహేడేళ్ళు పెంచాను, ఎవరో తెలియకపోవడమేంటి? చోద్యం కాకపోతే!

"ఒక్కతే సంతానమా?" అనడిగింది ఆవిడ కాగితం మీద రాసుకుంటూ.

"అవునండీ, ఒక్కతే" అన్నాను. మా అమ్మాయి కిటికీలోంచి బయటికి చూస్తోంది. మా ఆయన చేతులు చూసుకుంటున్నారు.

అబద్ధం. మాకొక అబ్బాయి ఉండేవాడు, దీనికంటే పెద్దవాడు. తొమ్మిదేళ్ళప్పుడు, వానలు వెనకబట్టాక, డెంగీ జ్వరం వచ్చి పోయాడు. దీనికప్పుడు నాలుగేళ్ళు. ఫొటో గోడకి తగిలించనివ్వలేదు నేను. దండేసిన ఫొటోలో నా కొడుకుని చూడలేను. ట్రంకుపెట్టె అడుగున పెట్టేశాను. ఇంట్లో వాడి మాట ఎత్తితే లేచి వెళ్ళిపోయేదాన్ని. ఎవరైనా ఎంతమంది పిల్లలంటే ఒక్కతే అనడం మొదలుపెట్టాను. ఇద్దరంటే రెండోవాళ్ళేం చేస్తున్నారని అడుగుతారు. అప్పుడు చెబితే అయ్యో అంటారు. ఆ అయ్యో అన్నాక మళ్ళీ వాళ్ళని నేనే ఓదార్చాలి. ఎందుకొచ్చిన గొడవ. అలా అనగా అనగా నోటికి అలవాటైపోయింది. కానీ అన్న ప్రతిసారీ వెనకాల ఎవరో నించుని విన్నట్టే ఉంటుంది. మెడ వెనక చల్లగా తగులుతుంది. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు. మాది కాకినాడ. మా ఆయనది కడప దగ్గర పల్లె. పెళ్ళైన కొత్తలో ఒకరోజు వాళ్ళ ఊరికి ఫోన్ చేసి మాట్లాడి, పెట్టేసి, "మా నాయన కడపకు పోయినాడంట" అన్నారు. నాకు 'మా నాయన', 'పోయినాడు' అన్నవే వినపడ్డాయి. గుండెల మీద చెయ్యేసుకుని "అయ్యో, ఎప్పుడండీ?" అని ఏడుపు లంకించుకున్నాను. "పొద్దున బస్సుకు" అన్నారాయన బిత్తరపోయి. మా వైపు మనిషి వెళ్తాడు. పోయాడంటే ఇక లేడనే. వాళ్ళ వైపు అందరూ పోతారు, సాయంత్రానికి వస్తారు. "ఆఫీసుకు పోతాండా" అని ఆయన గుమ్మం దిగితే, "ఆ మాట అనొద్దన్నానా, వెళ్ళొస్తా అనండి" అని నేను వెనకనుంచి అరవడం, ఆయన నవ్వడం, పిల్లలిద్దరూ నన్ను వెక్కిరించడం. అదో ఆట మాకు.

వాడు పోయాక ఆయన ఆ మాట వాడటం మానేశారు. ఎవరైనా ఎక్కడికైనా వెళ్తే హిందీలో 'గయా' అనేవారు, లేదా చెయ్యి ఊపేవారు. నేను గమనించాను గానీ ఏమీ అనలేదు.

రెండోసారి గుర్గావ్ వెళ్ళినప్పుడు కౌన్సెలర్ ఉత్తుత్తి ఇంటర్వ్యూ పెట్టింది. మమ్మల్ని వెనకాల సోఫాలో కూర్చోమని, "మధ్యలో దయచేసి ఒక్క మాట కూడా మాట్లాడొద్దు, మీరు లేనట్టే అనుకోవాలి తను" అని నా వంకే చూసి చెప్పింది. నా వాటం అప్పటికే కనిపెట్టినట్టుంది. నోటికి తాళం వేసుకున్నాను.

"లింగ్విస్టిక్స్ ఎందుకు?" అనడిగింది.

మా అమ్మాయి ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టింది. నాకు ఇంగ్లీషు మాట్లాడ్డం అంతంత మాత్రమే గానీ అర్థమవుతుంది. అంతా అర్థమైంది.

మా ఇంట్లో రెండు తెలుగులున్నాయంది. నాకు నాలుగేళ్ళప్పుడు మా అమ్మ వరండాలో నించుని ఫోన్లో వాళ్ళమ్మతో 'పిల్లాడు పోయాడే' అంది, నేను పక్కనే గ్రిల్లు పట్టుకుని ఉన్నాను, అంది. మా నాన్న రోజూ పోతాడు, రోజూ వస్తాడు, కాబట్టి అన్న కూడా పోయాడనుకున్నాను. పక్కింటి ఆంటీ నన్ను ఎత్తుకుని భగవాన్ దగ్గరికి వెళ్ళాడు బేటా అంది. మా నాన్న వాళ్ళింట్లో దేవుని దగ్గరికి పోయినారంటే తిరుపతికి వెళ్ళారని. గుండు చేయించుకుని, లడ్డూలు పట్టుకుని వస్తారు. అన్న కూడా గుండుతో వస్తాడని, అందుకే ఆలస్యమవుతోందని అనుకున్నాను.

నా పక్కన మా ఆయన మళ్ళీ చేతులు చూసుకుంటున్నారు.

స్కూల్ బస్సు వచ్చే వేళకి పాల బూత్ దగ్గర నించునేదట. అమ్మకి ఏడుపొస్తుందని ఇంట్లో అడిగేది కాదట. గుండున్న పిల్లలెవరైనా కనిపిస్తే దగ్గరికెళ్ళి మొహం చూసేదట. గుండు చేస్తే అన్న ఎలా ఉంటాడో తెలీదు కదా, గుర్తుపట్టలేనేమోనని భయం. నాకు తొమ్మిదేళ్ళు వచ్చాక కాకినాడలో తాతయ్య పోయారని నన్ను రైల్లో తీసుకెళ్ళారు. తాతయ్య ఎక్కడికో వెళ్తే మేమెందుకు వెళ్తున్నామో నాకు తెలీలేదు, అంది. హాల్లో తాతయ్యని నేల మీద పడుకోబెట్టి ఉంచారు. ఎవరో నా తల వంచి, తాతగారు పోయారమ్మా, దణ్ణం పెట్టుకో అన్నారు. అప్పుడు తెలిసింది అమ్మ తెలుగులో ఆ మాటకి అర్థం. అన్న సంగతి నాకు ఆ రోజు తెలిసింది. అందుకని మాటల గురించి చదవాలనుకుంటున్నాను, అని ఆపేసింది.

ఆ రోజు నాకు బాగా గుర్తుంది. వాంతయ్యేదాకా ఏడ్చింది. అంతకు ముందు తాతని చూసింది ఏడాదికోసారి. అయినా చుట్టాలందరూ మనవరాలికి తాతంటే ఎంత ప్రాణమో అని ముక్కున వేలేసుకున్నారు. నేనూ గర్వపడ్డాను. అందరికీ చెప్పుకున్నాను. ఛీ, తల్చుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మా ఆయన లేచి బయటికెళ్ళిపోయారు. కౌన్సెలర్ కళ్ళు తుడుచుకుంది. నాకు గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. తర్వాత తన పనిలో పడింది. "ఇది చెప్పాలి. అప్లికేషన్‌తో పంపే వ్యాసంలోనూ ఇదే రాయాలి. ఇదొక్కటి ఉంటే రీచ్‌లోంచి మ్యాచ్‌లోకి తీసుకొస్తాను" అంది.

"మా వాడేమన్నా గ్రేస్ మార్కులా కలుపుకోడానికి?" అని హిందీలో అరిచేశాను. పక్క గదిలో ఉన్నవాళ్ళు తలుపు తీసి చూశారు. "వాణ్ణి అమ్ముకుని సీటు తెచ్చుకోవాలా మేము?"

ఆవిడకి కోపం రాలేదు. వస్తే బాగుండేది. "మీరు వద్దంటే తీసేద్దాం. ఛాన్సులు చూడటం నా పని మ్యామ్, ఉన్నది ఉన్నట్టు చెప్పాను" అంది.

తిరుగు మెట్రో ఎక్కాం. మధ్యలో ఎక్కడో ఒకావిడ పుట్టువెంట్రుకలు తీయించిన పసిబిడ్డని ఎత్తుకుని ఎక్కింది. మా అమ్మాయి టక్కున తలెత్తి ఆ మొహం చూసి, తల దించేసుకుంది. ఇప్పటికీ చూస్తోంది! అన్నీ తెలిసీ ఇన్నేళ్ళ తర్వాత కూడా! ఆ తర్వాత నేనూ చూశాను. అప్పట్నుంచి నాకూ అదే జబ్బు పట్టుకుంది. బజార్లో గుండు కనిపిస్తే కాళ్ళు ఆగిపోతాయి.

ఇంటికొచ్చాక "అది అక్కడ చెప్పొద్దే" అన్నాను. వాదిస్తుందేమోనని మాటలు కూడగట్టుకుని ఉన్నాను. "ఠీక్ హై అమ్మా, నహీ బోలూంగీ" అని చెప్పులు విప్పి లోపలికెళ్ళిపోయింది. అంతే. వ్యాసంలో సరోజినీ నగర్ బజార్లో బట్టలమ్మేవాళ్ళు ఒక్కో కొనుగోలుదారుతో ఒక్కో భాషలో ఎలా బేరమాడతారో రాసింది. బాగుంది. అసలు ఇంటర్వ్యూలోనూ అదే చెప్పింది. మేము బయట చెట్టు కింద కుర్చీల్లో కూర్చున్నాం. బయటికొచ్చి "అచ్ఛా హువా, బాగానే జరిగింది" అంది.

రాలేదు. సెలెక్ట్ కాలేదని ఒక మెయిలు వచ్చింది, రెండు ముక్కల్లో. మర్నాడు కౌన్సెలర్ ఫోన్ చేసి చాలా బాధపడింది. "మీరు ఏమనుకోకండి గానీ, ఆ మాట చెప్పి ఉంటే వచ్చేదనుకుంటున్నాను" అంది. పాపం, దెప్పిపొడవాలని కాదు. అనుకున్నది చెప్పింది. కానీ ఆ మాట నన్ను తినేసింది. అన్నం దగ్గర అదే, స్నానం చేస్తుంటే అదే. కొడుకుని దాచాను, వాడి కోసం కూతురి సీటు పోగొట్టాను. ఇద్దరి దగ్గరా దొంగనయ్యాను.

అది సేఫ్టీలో ఉన్న కాలేజీలో ఇంగ్లీషు బీఏలో చేరింది. రోజూ మెట్రోలో వెళ్ళొస్తోంది. ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది, దెబ్బలాడేదాన్ని.

ఒక ఆదివారం సాయంత్రం వంటింట్లో గోరుచిక్కుళ్ళు ఒలుస్తున్నాం. ఇక ఉండబట్టలేక అనేశాను. "నా మాటెందుకు విన్నావే? నీ సీటది. చెప్పెయ్యొచ్చు కదా! ఆవిడకి చెప్పినదానివి, వాళ్ళకి చెప్పలేకపోయావా?"

చేతిలో కాయ పక్కన పెట్టింది. అది నాతో తెలుగులో మాట్లాడి ఎన్నాళ్ళయిందో. సగం నా మాట, సగం వాళ్ళ నాన్న మాట కలిపి, వెతుక్కుంటూ వెతుక్కుంటూ చెప్పింది.

"నేను ఆ మేడమ్‌కి చెప్పలేదమ్మా. నువ్వు వెనకాల కూర్చున్నావ్ కదా. ఆమె నిన్ను మాట్లాడొద్దనింది. ఇంట్లో అయితే నువ్వు లేచి వెళ్ళిపోతావు. అందుకని అక్కడ చెప్పినా. నీకే చెప్పినా."

సీటు కోసం కాదు. ఛాన్సు కోసం కాదు. అంతా విని, లేచి అరిచిందాన్ని నేను.

"నేనింక లేవను. అడుగు" అన్నాను. "ఏం కావాలో అడుగు. అన్నీ చెబుతాను."

పక్కన పెట్టిన కాయ మళ్ళీ చేతిలోకి తీసుకుంది. చివరికి చిన్నపిల్లలాగా అడిగింది. "అన్న నన్ను ఏమని పిలిచేవాడు? నాకు గుర్తు లేదు."

ఏదో పిలిచేవాడు. అసలు పేరుతో ఎప్పుడూ పిలవలేదు, వాడే ఏదో పెట్టుకున్నాడు ముద్దుగా. బడినుంచి వస్తూనే గుమ్మంలో బ్యాగు పడేసి అలా అరిచేవాడు, ఇది ఎక్కడున్నా పరిగెత్తుకొచ్చేది. బ్యాగు రంగు కనిపిస్తోంది. వాడి ఊడిన పన్ను కనిపిస్తోంది. నోరు తెరుస్తున్నాడు. ఆ పిలుపు మాత్రం వినపడట్లేదు.

"ఏవండీ, ఒకసారి ఇలా రండి" అని ఆయన్ని పిలిచాను. వచ్చి గుమ్మంలో నించున్నారు. అడిగాను. ఆయన నన్ను చూశారు, దాన్ని చూశారు. పెదాలు కదిలాయి. తర్వాత తల అడ్డంగా ఊపారు.

అది ఇంకా నా మొహంలోకే చూస్తోంది.