సుత్తి మోత

“అరవకోయ్. చెవిటివాణ్ణే గానీ గుడ్డివాణ్ణి కాను. నీ పెదాలు చూస్తూనే ఉన్నా. కూర్చో,” అన్నాడు మా పొరుగింటి త్యార్క్ బాబాయి.

“ఆ గుడ్డితనమూ వెంట్రుకవాసిలో తప్పింది,” అంది గేషె పిన్ని టీ పోస్తూ.

కప్పు అడుగున కండచక్కెర చిటపటమంది. బాబాయికి అది వినపడదు. కప్పుకు వేలు ఆనించి, అదురు తెలిశాక నవ్వాడు.

మీసాలు రాకముందే ఆయన విల్హెల్మ్స్‌హావెన్ ఓడల కర్మాగారంలో రివెట్లు, అంటే రేకుల్ని బిగించే ఎర్రగా కాల్చిన ఇనుప మేకులు, కొట్టే జట్టులో చేరాడు. ఆ మోతలో మాట పనికిరాదు. జట్టంతా చేతి సైగలే. ఇప్పటికీ ఆయన ఉప్పు కావాలన్నా చేత్తోనే అడుగుతాడు.

మా దేశం యుద్ధంలో ఓడిపోయాక, ఇంతకు మించి బరువున్న ఓడ కట్టరాదని గెలిచినవాళ్లు కట్టడి చేశారు. బరువు తగ్గించాలని, క్రూయిజర్లనే కొత్త తేలికపాటి యుద్ధనౌకలకు చాలావరకు రివెట్లు మానేసి రేకుల్ని కరెంటు మంటతో అతికించడం మొదలైంది. సుత్తి జట్లు ఒక్కొక్కటే ఇంటిదారి పట్టాయి. బాబాయి మాత్రం పట్టువదలక వెల్డింగు పరీక్షకు వెళ్లాడు. వెళ్లి, మంట వెలుగుతుండగానే కళ్లకు అడ్డుండే ముసుగు ఎత్తాడు.

“ఎందుకెత్తావు బాబాయ్?”

“ఎత్తక? రివెట్టు కాలిందో లేదో రంగు చూసేగా కొట్టేది! కంటితో చూడకుండా ఇనుమును నమ్మితే మా పాత మేస్త్రీ తన్నేవాడు.”

“ఆయన పోయాడు. నువ్వే మిగిలావు, నా ప్రాణానికి,” అంది పిన్ని. ఆ తర్వాత ఎన్ని రోజులు, ఆ వెలుగుకు కాలిన ఆయన కళ్లమీద పచ్చి బంగాళాదుంప ముక్కలు మార్చిందో ఆమెకే తెలుసు. సుత్తి కొట్టి కొట్టి ఆయన చేతులకు వణుకు ముందే ఉంది. మళ్లీ పరీక్షకు పిలవలేదు.

“కొత్త క్రూయిజరు మొదలెట్టారటగా,” అన్నాడు బాబాయి. “దీనికైనా మమ్మల్ని పిలుస్తారు. అతుకులేసిన ఓడ కనిపిస్తే సముద్రం ఊరుకుంటుందా?”

“సముద్రం ఊరుకుంటుంది. ఊరుకోనిది నువ్వే.”

పిన్ని అటు తిరిగి అన్నది కనుక ఆయనకు తెలియలేదు. ఆ పొద్దున కూడా నేను కర్మాగారం గోడ పక్కనుంచే వచ్చాను. గోడమీద నీలివెలుగు మెరిసి ఆరుతోంది. లోపల ఎవరో దగ్గడం కూడా వినపడింది. అంత నిశ్శబ్దం.

నేను లేచాను. బాబాయి చెంచా కప్పులో పెట్టేశాడు, ఇక టీ చాలని.

“రేపు వెళ్లేటప్పుడు ఆ గోడ దగ్గర కాసేపు నిలబడి విను. తిరిగొచ్చి చెప్పు. నోటితో వద్దు, జాలిపడి ఏదో ఒకటి అంటావు. సుత్తి మోత వినపడితే కిటికీలోంచి పిడికిలి చూపించు, మా జట్టులో సుత్తికి అదే సైగ. చాలు.”