దివాన్‌కి సంబంధం చూసిన వైనం

మా వంశంలో అంబారీ ఎక్కినవారున్నారు, కోర్టు మెట్లు ఎక్కినవారున్నారు. కొబ్బరికాయల దొంగగా పట్టుబడినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. ఆ ఘనత నాకెలా దక్కిందో చెబుతాను. నవ్వుకోండి, కానీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వండి. మాకింకా కాస్త మర్యాద మిగిలే ఉంది.

కొన్నేళ్ల క్రితం పి.గన్నవరంలో మా ఇంటికి పశువుల డాక్టరమ్మ ఒక వీధికుక్కను తెచ్చింది. కాలవగట్టు మీద ఏదో బండి దాని కాలు విరగ్గొట్టి పోయిందట.

"ఎవరైనా మంచివాళ్లు పెంచుకోడానికి ముందుకొచ్చేదాకా మీ దగ్గర ఉంచండి. మీ ఇల్లు పెద్దది కదండీ" అంది.

మా ఇల్లు పెద్దదన్న మాట విని చాలా కాలమైంది. అందులో వానకి కారని గదులు ఎన్నో చెప్పకుండా, గంభీరంగా తలూపాను. కుక్కకి దివాన్ అని పేరు పెట్టాను. పూర్వం మా తాతగారి దగ్గర ఒక దివాన్ ఉండేవాడు. ఆయన పోయాక ఆ ఉద్యోగం ఖాళీగానే ఉంది.

కాలు అతుక్కుంది. సంబంధాలు రావడం మొదలైంది. ఒకాయన రొయ్యల చెరువు దగ్గర కట్టేస్తానన్నాడు. పంపేశాను. గల్ఫ్ నుంచి వచ్చిన ఇంకొకాయన ఇంట్లోకి వచ్చాక కూడా నల్లకళ్లద్దాలు తీయలేదు. కళ్లు దాచుకునేవాడు ఇంకేం దాస్తాడో.

"మీ ఇంటిపేరు ఏమిటి? మీ తాతగారు ఏం చేసేవారు?" అని అడిగాను.

"కుక్కనివ్వడానికాండీ?"

"కుక్కనివ్వడానికే."

ఆయన కాఫీ సగంలో వదిలేసి వెళ్లిపోయాడు. చూశారా, ఏదో ఉంది.

చివరికి మలికిపురం నుంచి రూతమ్మగారని రిటైరైన టీచరు ఫోన్ చేసింది. కుక్క ఇంట్లో తమతోపాటే ఉంటుందంది, తమతోపాటే తింటుందంది. ఒక్క షరతు పెట్టలేదు. షరతులు లేకుండా తియ్యగా మాట్లాడినవాళ్లే మా ఆస్తంతా ఊడ్చుకుపోయారు, అందుకని నాకు వెంటనే అనుమానం వచ్చింది. తాతగారి సంగతి అడిగాను.

"అది కలిసినప్పుడు చెబుతానండి" అంది.

అనుమానం కాస్తా రూఢి అయిపోయింది. కానీ డాక్టరమ్మ, మా ఆవిడ కామేశ్వరి ఒక్కటైపోయి, వారం రోజులు చూసి ఖాయం చేసుకుందామని దివాన్‌ను పంపేశారు. అప్పగింతల వేళ నేను లోపలి గదిలో ఉన్నాను. కంట్లో నలుసు పడింది, మరేం కాదు.

సంబంధం ఖాయం చేసుకునే ముందు చాటుగా వాకబు చేయడం మా వైపు ఆచారం. నేనే స్వయంగా బయల్దేరాను.

"కుక్కకి వాకబేంటండీ?" అంది కామేశ్వరి. "నన్నిచ్చేటప్పుడు మా నాన్న మీ గురించి ఇందులో సగం వాకబు చేసినా బాగుండేదండి."

కోనసీమలో నన్ను గుర్తుపట్టనివారు ఉండరన్న నమ్మకంతో, ఇస్త్రీ పంచె వదిలి పాత లుంగీ కట్టాను. తలకీ మొహానికీ తువ్వాలు చుట్టాను. అవసరమైతే దివాన్‌ను వెనక్కి తెచ్చుకోవాలి కదా, బస్సులో కూర్చోబెట్టడానికి ఒక గోనెసంచి కూడా పట్టుకున్నాను. ఈ వేషంలో, పట్టపగలు, రూతమ్మగారి పెరటి తోటలో, కాయలు ఒలిచాక మిగిలిన కొబ్బరి డొక్కల గుట్ట వెనక నక్కాను. ఆ రోజు ఆ తోటలో కొబ్బరికాయల దింపు జరుగుతోందని, పైన చెట్ల మీదున్న మనుషులకి నేను పళ్లెంలో లడ్డూలా కనిపిస్తున్నానని నాకేం తెలుసు?

వంటింటి గుమ్మంలో దివాన్ కనిపించాడు. మడత పెట్టిన పాతచీర మీద కూర్చుని చేపల పులుసన్నం తింటున్నాడు. మా ఇంట్లో పెరుగన్నం పెడితే మొహం తిప్పుకునే మనిషి.

"ఆయ్, తమరెవరండీ?" అని వెనకనుంచి వినిపించింది. దింపు తీసే సత్తిబాబు. చేతిలో కత్తి, మాటలో మర్యాద.

"దారి తప్పానండి."

"దారి తప్పితే రోడ్డుమీదుండాలి కదండీ. డొక్కలెనకాల కూచున్నారేంటండీ?"

"అలిసిపోయి."

"మరి సంచెందుకండీ?"

"కుక్క కోసం."

"అయితే కుక్కని కూడా ఎత్తుకుపోదామనొచ్చేరన్నమాట."

గొడవ విని రూతమ్మగారు వచ్చింది. ఆవిడ కళ్లముందే దివాన్ పరుగెత్తుకొచ్చి, నా భుజాల మీద కాళ్లేసి, తువ్వాలు ఊడిపోయేదాకా నాకాడు.

సత్తిబాబు మొహం వెలిగింది. "నాకర్థమైపోయిందండి టీచరుగారూ. ముందు కుక్కని పంపేడు, ఎనకాల సంచట్టుకుని తనొచ్చేడు. దొంగని నాకే కుక్క కాయలేం కాస్తదండీ? తిరిగి పంపేయండి."

రూతమ్మగారు దివాన్ తల నిమిరింది. "మనసొప్పడం లేదు సత్తిబాబూ. కానీ నువ్వన్నదీ నిజమే. రేపు డాక్టరమ్మకి అప్పజెప్పేద్దాం."

నోరు మూసుకుంటే మా వంశం పరువు దక్కుతుంది. దివాన్‌కి ఆ పాతచీర, ఆ పులుసన్నం పోతాయి. నేను లేచి నిలబడి, లుంగీ సర్దుకుని, తాతగారితో మొదలుపెట్టి నా పేరు, ఇంటిపేరు, ఊరు అన్నీ చెప్పాను. సత్తిబాబు కత్తి దించేశాడు. అది గౌరవమో జాలో ఇప్పటికీ తేల్చుకోలేదు.

"అయ్యో, తమరాండీ" అంది రూతమ్మగారు. "మా తాతగారేం చేసేవారని ఫోన్లో అడిగేరు. మీరు నొచ్చుకుంటారని చెప్పలేదండి. ఆయన ఈ తోటలోనే దింపు తీసేవారు. తోటప్పుడు మీ తాతగారిది. తర్వాత మా నాన్న కొన్నారు."

అమ్మిన తోటలు మావాళ్లు పిల్లలకి చూపించరు. కొన్నవాళ్లకే గుర్తుంటాయి.

"బుజ్జిగాడు ఇక మా దగ్గరే ఉంటాడండి" అంది. దివాన్ ఆ పేరుకి తోకూపాడు. మా తాతగారి కొలువు నా కళ్ల ముందే రద్దయింది. సత్తిబాబు నా సంచి నిండా కాయలు పోసి నా భుజానికెత్తాడు.

"దివాన్ ఏడండీ?" అంది కామేశ్వరి, ఇంటికొచ్చాక.

"ఉద్యోగం మారాడు."

"సంచిలో ఏంటండీ?"

"కొబ్బరికాయలు. మన తోటవే."

ఇప్పటికీ దింపు రోజున సత్తిబాబు ఫోన్ చేస్తాడు. "ఆయ్, ఈసారి డొక్కలెనకాల కుర్చీ వేయించమంటారాండీ?"

అందుచేత మా తాతగారి పటం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ కుక్కకీ సంబంధం చూడను. చూసినా వాకబుకి వెళ్లను. వెళ్లినా, అంతకుముందు ఆ తోట ఎవరిదో కనుక్కునే వెళతాను.