నీళ్ళు పచ్చబడిన వారం

మార్లిస్ ట్వేట్ ముప్ఫై ఒక్క ఏళ్ళు స్కూలు బస్సు నడిపింది. రిటైరయ్యాక మిన్నెసోటాలోని మా సరస్సు పార్కులో చక్రాల మీదుండే ట్రైలర్ ఇల్లు పెట్టుకుని, వేసవంతా టెంట్లు వేసుకునేవాళ్ళ మంచిచెడ్డలు చూసేది. నేను గేటు దగ్గర టికెట్లు ఇచ్చేదాన్ని.

ఆ జూలైలో నాలుగు రోజులు ఆకు కదల్లేదు. అయిదో రోజు, మంగళవారం పొద్దున, ఈతరేవులో పచ్చరంగు డబ్బా ఒలికినట్టుంది. మార్లిస్ కర్రతో కదిపింది. తెట్టు విడిపోయి, మెల్లగా మళ్ళీ కలుసుకుంది.

పార్కు ఆఫీసుకి ఫోన్ చేస్తే, నీళ్ళు పరీక్షకి పంపుతామని, శుక్రవారం తెలుస్తుందని అన్నారు.

"అందాకా చూస్తూ కూర్చోవాలా?" అంటూ మార్లిస్ బట్టలారేసే తాడు తెచ్చి రేవుకి అడ్డం కట్టేసింది.

తొమ్మిదేళ్ళ కూతురు టెస్సాతో, పిప్ అనే కుక్కతో వచ్చిన డ్వేన్ కోస్కి నవ్వాడు.

"నాచే కదా పెద్దమ్మా. చిన్నప్పట్నుంచీ ఇందులోనే ఈదాను. బస్సు ఆపినట్టు సరస్సుని కూడా ఆపేస్తావా ఏంటి?"

"నవ్వుకో నాయనా. పాపని మాత్రం దింపకు. కుక్కని కట్టేయి."

పాపని దింపలేదు. కుక్కని కట్టలేదు.

మధ్యాహ్నం పిప్ నీళ్ళలోకి దూకి వచ్చి, ఎండలో పడుకుని ఒళ్ళు నాక్కుంది. గంట తిరక్కుండా దాని కాళ్ళు వణికాయి. మార్లిస్ పరుగున వెళ్ళేసరికి టెస్సా దాన్ని కౌగిలించుకుని ఉంది. పాప చేతులనిండా పచ్చ చారలు.

"నోట్లో చెయ్యి పెట్టావా తల్లీ? నిజం చెప్పు."

"లేదు."

ముందు పాపని కుళాయి కింద సబ్బుతో రుద్ది రుద్ది కడిగింది. తర్వాత డ్వేన్ కుక్కని ఒళ్ళో పెట్టుకుంటే అతని ట్రక్కు తనే నడిపింది. పశువుల డాక్టరుండే ఊరు ఇంకా పది మైళ్ళుండగా కుక్క పోయింది.

సాయంత్రం డ్వేన్ ఆమె ట్రైలర్ తలుపు తట్టాడు. "పార ఉందా పెద్దమ్మా?"

పార్కులో జంతువుల్ని పాతిపెట్టకూడదు. ఆ రూలు అందరికీ చెప్పేది ఆమే. పార ఇచ్చి, నీటికి దూరంగా పైన్ చెట్ల వెనకాల చోటు చూపించింది. అతను తవ్వుతున్నంతసేపూ టెస్సాని దగ్గర కూర్చోబెట్టుకుని, పావుగంటకోసారి నుదురు తాకి చూసింది. పాపకి ఏమీ కాలేదు.

శుక్రవారం ఫలితం వచ్చింది: ఆ నాచు విషం. అప్పటికే టెంట్లన్నీ ఖాళీ. పచ్చ తెట్టు పడవలరేవు దాటి, పక్క ఊరికి తాగునీరు తోడే గొట్టం వైపు సాగుతోంది.